గృహప్రవేశం చేసిన బండి

కాశీ ప్రయాణానికి ముందు జపాను వ్యానుకు చేయవలసిన పనులు:

బండిని ప్రయాణానికి ఎలా నింపుతారో అలాగే నింపి, నీళ్లు, బియ్యం, పరుపులు, ఎక్కే మనుషులు అందరితో సహా, తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో కాటా వేయించాలి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి.

టైర్లు అరగలేదు కదా అని నమ్మకూడదు. ఐదేళ్లు గోడౌన్లో నిలబడిన టైరు లోపల పెళుసెక్కుతుంది. పక్కన అచ్చువేసిన తయారీ సంవత్సరం చూసి మార్చాలి.

ఫ్యాను బెల్టు, ఆయిల్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు: ఇది మన దేశంలో అమ్మిన బండి కాదు. పేరు చెప్తే షాపువాడు ఇంకేదో ఇస్తాడు. పాతది విప్పి, చేత్తో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి కొలిచి, రెండేసి తెచ్చుకోవాలి. దారిలో దొరకవు.

లైట్లకూ నీళ్ల పంపుకూ ఉన్న రెండో బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి.

నీళ్ల ట్యాంకు బ్లీచింగు వేసి కడిగి, ఒక రోజు ఎండనివ్వాలి.

గ్యాసు గొట్టం కొత్తది వేయాలి. అతుకుల దగ్గర సబ్బు నురుగు పూసి బుడగలొస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడకూడదు.

పొయ్యి కింద నేలలో ఉన్న చిల్లు తెరవాలి. ఈ పని ఓనరుగారే తమ చేత్తో చేయాలి.

ఏడు పనులు. సిల్వియా వీటిని తెల్లకాగితం మీద మార్జిను గీసుకుని, పరీక్ష రాసినంత శ్రద్ధగా రాసింది. మొదటి ఆరూ బండి కోసం. ఏడోది వాళ్ల నాన్న కోసం.

ఏలూరులో వాళ్ల రెండు గదుల అద్దె ఇంటి గుమ్మం ముందు చేపలు తోముతున్న తల్లి రాజకుమారి తలెత్తకుండానే అడిగింది. "ఎవరికే ఆ ఉత్తరం?"

"గూడెం నాగభూషణరావు గారికి."

రాజకుమారి చెయ్యి ఆగిపోయింది. "ఏ నాగభూషణరావు?"

"మనకి ఎంతమంది ఉన్నారమ్మా?"

"మీ నాన్నని ఆ మాట అన్న నోటికి నువ్వు మందు రాసిస్తావా! నీకు చదువు చెప్పించింది ఇందుకేనా?"

"మందే రాస్తున్నానమ్మా," అంది సిల్వియా, కాగితం మడుస్తూ. "చేదుగా ఉండేది."

సీమోను గుండుగొలనులో, జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్డు వేసుకుని లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. చదివింది ఐదో తరగతి. టేకు పలకను వేలి ముడితో కొట్టి, ఆ చప్పుడుని బట్టి ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేవాడు. కామవరపుకోట మెట్ట నుంచి మామిడికాయలు దింపే లారీలూ, కొల్లేటి చేపలు కలకత్తా మోసే లారీలూ ఆయన షెడ్డు ముందు వరస కట్టేవి. ఆ రెక్కల కష్టంతోనే సిల్వియా ఇంజినీరింగు చదివింది. వాళ్ల వంశంలో పట్టా చేత పట్టుకున్న మొదటి మనిషి ఆమే.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి నాగభూషణరావు 2002లో కాకినాడ వెళ్లి ఒక జపాను వ్యానును వేలంలో కొన్నాడు. సముద్రంలో చమురు వెతకడానికి వచ్చిన ఏదో విదేశీ కంపెనీ దాన్ని ఓడలో తెప్పించుకుని, పని ముగిశాక వదిలేసి పోయింది. పొడుగాటి తెల్లబండి. నాగభూషణరావు భార్య రత్నాంబకు తీర్థయాత్రలంటే ప్రాణం, బయటి తిండి అంటే విషం. హోటల్లో మంచినీళ్లు కూడా ముట్టదు. అందుకని బండిలోనే పొయ్యి, పడకలు, నీళ్ల ట్యాంకు, దేవుడి గూడు అమర్చమని సీమోనుకు అప్పగించాడు. అలాంటి పని ఈ చుట్టుపక్కల ఎవరూ చేసి ఎరగరు. సీమోను నాలుగు నెలలు ఇంకో బండి ముట్టుకోలేదు. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, గొట్టం ఏ పలక వెనక నుంచి పోతుందో, అంతా కూతురి పాత రికార్డు పుస్తకంలో మిగిలిన పేజీల్లో బొమ్మలు గీసి పెట్టుకున్నాడు.

పొయ్యి కింద నేలలో అరచేయి పట్టేంత చిల్లు కోసి, ఎలకలు దూరకుండా జల్లెడ రేకు కొట్టాడు. బండి అప్పజెప్పే రోజున నాగభూషణరావుకు అది చూపించి మరీ చెప్పాడు. "గ్యాసు నీళ్లలాంటిదండీ బాబూ. కారిందంటే పల్లం వెతుక్కుంటది. దానికి దారుండాలి. ఏదేమైనా ఈ చిల్లు మాత్రం మూయకండి."

బండి గూడెం చేరాక రత్నాంబ దానికి గృహప్రవేశం చేయించింది. పొయ్యి ఉన్నది ఏదైనా ఇల్లేనని ఆవిడ లెక్క. తలుపుకు మామిడాకులు కట్టి, పాలు పొంగించి, చుట్టాలకు భోజనాలు పెట్టింది. ఆ తర్వాత పదిహేను రోజులకు అందరూ కలిసి కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు బయల్దేరారు. గట్టు మీద బండి ఆపి, ఈగలు దోమలు అని అద్దాలన్నీ బిగించుకుని, రత్నాంబ అమ్మవారికి పొంగలి పెట్టబోయింది. దారి కుదుపులకు సిలిండరు మీది రెగ్యులేటరు వదులై గ్యాసు కారుతోందని ఎవరూ గమనించలేదు. అగ్గిపుల్ల గీయగానే నేలబారుగా నీలిమంట లేచింది. క్షణం సేపే. ఆవిడ రెండు పాదాలూ చీలమండల దాకా కాలిపోయాయి.

మర్నాడు ఉల్లిపాయల వేలంపాట జరిగే వేళకు నాగభూషణరావు సీమోనును యార్డుకు పిలిపించాడు. లారీ ఓనర్లు, హమాలీలు, కమీషను ఏజెంట్లు అందరూ చుట్టూ ఉన్నారు.

"వినండి! సీమోను కట్టిన బండి ఎక్కడమూ, పాడె ఎక్కడమూ ఒకటే!"

"చిల్లు తెరిచే ఉందాండీ?" అని అడిగాడు సీమోను. "ఒక్కసారి బండి చూడనివ్వండి బాబూ."

"చిల్లా? ఏ చిల్లు? నువ్వు పెడితేగా!"

బండిని గోడౌన్లో పెట్టి తాళం వేశాడు. సీమోనును దాని దగ్గరకు రానివ్వలేదు. ఆ మాట మాత్రం లారీలెక్కి ఊళ్లన్నీ తిరిగింది. ముందుగా ముఖం చాటేసినవాడు భీమడోలు వెంకట్రాజు, సీమోను చేత ఐదు లారీలు కట్టించుకున్న మనిషి. ఆర్నెల్లలో షెడ్డు ముందు గడ్డి మొలిచింది. సీమోను కొల్లేటి లంకల్లోకి పోయి, దోనెలకు అతుకులు వేస్తూ, చేపల పెట్టెలకు మేకులు కొడుతూ మూడేళ్లు గడిపాడు. ప్రభుత్వం లంకల్లోని చేపల చెరువుల గట్లు కొట్టించేసిన ఏడాది ఆ పనీ పోయింది. ఆ ఏడాదే ఆయనా పోయాడు.

పోయే ముందు మంచంలో కూతుర్ని అడిగింది ఒకటే. "చిల్లు కోశానే అమ్మా. నాకు బాగా గుర్తు. కోయలేదంటావా?"

సిల్వియా ఏడ్చింది పని పోయినందుకు కాదు. తన చేతిపని మీద తనకే అనుమానం వచ్చేలా ఆ మనిషిని చేశారు. అది ఆమె క్షమించలేదు. క్షమించమని చర్చిలో అయ్యగారు చెప్పిన ఆదివారాల్లో ఆమె కళ్లు మూసుకుని నాగభూషణరావు నోటినే చూసేది.

2008 అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ నోరే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. సిల్వియా అప్పటికి ఏలూరులో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతోంది. నాగభూషణరావు కాజాల పెట్టె పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చాడు.

"సీమోను కూతురివి కదూ? ముక్కు చూడగానే గుర్తుపట్టాను తల్లీ."

"కూర్చోండి."

ఆయన చెప్పుకున్నాడు. కార్తీకంలో ఆ బండిలోనే కాశీ వెళ్లి వస్తానని రత్నాంబ మొక్కుకుంది. రైలు టికెట్లు తీస్తానన్నా వినడం లేదు. బెజవాడ మేస్త్రీలు తీగలు చూసి మాకు అర్థం కాదన్నారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరేమో, బండిలో పొయ్యి, పడకలు ఉన్నట్టు బండి ఆర్.సి. పుస్తకంలో ఎక్కాలంటే డ్రాయింగు కావాలి, ఒక ఇంజినీరు సంతకం కావాలి అన్నాడు.

"కట్టినవాడి దగ్గర బొమ్మలు ఉంటాయి కదా, తెచ్చుకోమన్నాడమ్మా."

"కట్టినవారు," అంది సిల్వియా.

"ఆఁ, అదే, కట్టినవారు. పాతవేవీ మనసులో పెట్టుకోకు తల్లీ. కోపంలో మనిషన్నాక ఓ మాట జారతాడు."

"అవునండి. ఒక్క మాటే. గుర్తుంది."

ఆయన ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు.

"చేస్తానండి," అంది సిల్వియా. "బండి చూసి, ఏమేం చేయాలో రాసిస్తాను. వరసగా అన్నీ చేస్తేనే సంతకం. ఏ ఒక్కటి వదిలినా పెట్టను."

"నువ్వెలా చెప్తే అలా."

"అన్నీ చేస్తారా?"

"నువ్వెలా చెప్తే అలా తల్లీ!"

ఆయన గుమ్మం దాటాక కాజాల పెట్టె ప్యూనుకిచ్చేసింది.

ఆ శనివారం గోడౌను తలుపు తీసింది డ్రైవరు బుచ్చిబాబు. ఉల్లిపాయల ఘాటుకు కళ్లు మండాయి. బస్తాల వెనక దుమ్ము కప్పుకుని నిలబడి ఉంది బండి. బుచ్చిబాబు కొత్త పొయ్యి, కొత్త రెగ్యులేటరు తెచ్చి బిగించడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"మేడమ్ గారండీ, బెజవాడలో ముగ్గురు మేస్త్రీలు ఈ తీగలు చూశారండి. ముగ్గురూ కాఫీ తాగొస్తామని వెళ్లారండి. మళ్లీ రాలేదండి."

సిల్వియా రికార్డు పుస్తకం తెరిచింది. బొమ్మలో ఎర్రతీగ ఏ పలక వెనక్కి పోయిందో బండిలోనూ అక్కడికే పోయింది. ప్రతి అతుకు దగ్గరా పుస్తకంలోని అంకెనే నాన్న గోరంత రేకు ముక్క మీద చెక్కి కట్టాడు. ఐదేళ్ల తర్వాత కూడా ఒక్కటీ ఊడలేదు. ఆమె ఒక్కొక్క అంకెనూ వేలితో తుడిచి చదివింది.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి గూటి కింది మాడిన మ్యాటు ఎత్తింది. చిల్లు ఉంది. గుండ్రంగా, రంపపు గాట్లతో సహా ఉంది. దాని నిండా లప్పం కూరి, నున్నగా మెత్తి ఉంది. తలపిన్నుతో అంచు గీకింది. లప్పంలో పసుపు. ఇంకొంచెం గీకితే రాగి రేకు అంచు. దాని మీద గీసిన గళ్లు, అక్షరాలు. ఏదో యంత్రం.

"బుచ్చిబాబు గారూ. గృహప్రవేశానికి సిద్ధాంతి ఎవరైనా వచ్చారా?"

"ఆ రోజు కాదండి. మర్నాడు అయ్యగారొక్కరే తీసుకొచ్చారండి. బండిని ఉత్తరం ముఖంగా పెట్టమన్నారండి, పెట్టానండి. సిద్ధాంతి గారు చూసి, ఈశాన్యంలో చిల్లుంది, లక్ష్మి కారిపోద్ది, యంత్రం పెట్టి మూసేయండి అన్నారండి. బండి తిరిగితే ఈశాన్యం కూడా తిరుగుద్ది గదాండీ అని నేనడిగానండి. అయ్యగారు నోర్ముయ్యమన్నారండి."

"మరి ఆ రోజు యార్డులో ఎందుకు చెప్పలేదు?"

"నోర్ముయ్యమన్నారు గదాండీ."

అతను తల దించుకున్నాడు.

"తర్వాత దీన్ని తీయలేదే?"

"యంత్రం కదిపితే అరిష్టమంటండి. అందుకే తాళం వేశారండి. అమ్మగారికి మాత్రం ఈ సంగతి తెలవదండి. ఇప్పటికీ సీమోను గారే కాల్చారనుకుంటున్నారండి."

అతను నీళ్లు తేవడానికి బయటికెళ్లాక సిల్వియా ఆ లప్పం ముందు ఒక్కతే కూర్చుంది. ఏమీ మాట్లాడకపోతే చాలు. మ్యాటు మళ్లీ పరిచి, కొత్త పొయ్యి బిగించనిచ్చి, సంతకం పెట్టేస్తే చాలు. ఉత్తరాదిన చలి. అద్దాలన్నీ బిగించుకుంటారు. ఆ ఆలోచనకు ఆమెకు భయం వేయలేదు, అది ఎండలో మజ్జిగలా కడుపులోకి చల్లగా దిగింది. దాన్ని ఆమె కాదనుకోలేదు.

అప్పుడే రత్నాంబ స్వయంగా మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది. మడమల మీద నడుస్తోంది. కాలివేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, చెప్పులు పట్టని పాదాలు.

"నువ్వటగా సీమోను కూతురివి. మీ నాన్న నన్నిలా చేశాడమ్మా. నీ మీద నాకేం లేదులే. తాగు."

సిల్వియా గ్లాసు అందుకుంది. తాగకుండా పక్కన పెట్టింది. వీళ్లు మళ్లీ కాలితే జనం ఎవరి పేరు చెప్తారు? మళ్లీ నాన్న పేరే. సీమోను కట్టిన బండి, చూశారా, రెండోసారి! అంటారు. ఆ తలంపు రాగానే ఇందాకటి చల్లదనం పోయింది. వీళ్లు బతకాలి. బాగా, పూర్తిగా బతికి, వినాలి.

"గురువారం యార్డులో తూకం వేయిస్తామండి," అంది రత్నాంబతో. "ఎక్కేవాళ్లందరూ బండిలో ఉంటేనే తూకం సరిగ్గా వస్తుంది. మీరూ తప్పకుండా రావాలి."

"వస్తానమ్మా. నాకోసమేగా ఇదంతా."

ఇంటికొచ్చి ఆ ఏడు పనుల పట్టీ రాసింది. బుధవారం దాకా రెండో పని నుంచి ఆరో పని దాకా పక్కనుండి చేయించింది. టైర్లు మారాయి, బెల్టులు వచ్చాయి, ట్యాంకు ఎండింది, నురుగులో బుడగ రాలేదు. మొదటిదీ చివరిదీ గురువారానికి ఉంచింది. నాగభూషణరావుకు పట్టీ కాగితం అందలేదు. పనులు ఒక్కొక్కటే నోటితో చెప్పింది, ఏడోది తప్ప.

గురువారం పది గంటలకు యార్డు కిటకిటలాడుతోంది. పాట పాడే మత్తయి బస్తాల గుట్టెక్కి కేకలు పెడుతున్నాడు. యార్డులో పద్ధతొకటి ఉంది: మత్తయి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాకే సరుకు ఖాయం. రెండుసార్లన్నది ఎవడి నోటి మాటైనా గాలి మాటే. తెల్లబండి కాటా ఎక్కగానే పాట కాసేపు ఆగింది. లారీ ఓనర్లు టీ గ్లాసులతో దగ్గరకొచ్చారు. వెంకట్రాజు ముందు నిలబడ్డాడు.

"ఇదా! పాడె బండి ఇంకా ఉందా?" అన్నాడెవడో. నవ్వారు.

వెనక ఇరుసు మీద బరువు ఎక్కువొచ్చింది. సిల్వియా తలుపు తీసి చూసింది. రెండు ఇత్తడి గుండిగలు, రుబ్బురోలు.

"అమ్మగారూ," అన్నాడు కాటా మనిషి, "కాశీకెళ్తున్నారా, కాపురం మారుస్తున్నారా?"

"చేత్తో రుబ్బితేగానీ నాకు నోట్లోకి పోదు నాయనా," అంది రత్నాంబ. రోలు దింపక తప్పలేదు. బరువు సరిపోయింది. సిల్వియా అంకెలు రాసుకుని కాగితం నాగభూషణరావు చేతికిచ్చింది.

"ఆరూ అయ్యాయండి. ఏడోది చదవండి."

ఆయన చదివాడు. తర్వాత తేలిగ్గా నవ్వబోయాడు. "దీనికి నేనెందుకమ్మా? బుచ్చిబాబు చేస్తాడు."

"దారిలో డ్రైవరు మారతాడండి. ఓనరు మారరు. అది ఎక్కడుందో ఓనరు చేతికి తెలియాలి."

"అసలక్కడ చిల్లే లేదు. మీ నాన్న పెట్టలేదు."

"పెట్టారండి. ఎనిమిదో పేజీలో బొమ్మ ఉంది. మ్యాటు ఎత్తండి."

ఆయన దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు. "తల్లీ, ఇంటికెళ్లి చూసుకుందాం. ఇంతమందిలో..."

"ఇక్కడ వెలుతురు బాగుందండి," అంది సిల్వియా, గొంతు తగ్గించకుండా.

"నేను చేయను."

"అయితే నేను సంతకం చేయను."

బండిలో పరుపు మీద కూర్చున్న రత్నాంబ కాళ్లు కిందికి జాపింది. చుట్టూ ఉన్న కళ్లన్నీ ఆ పాదాల మీదికి పోయాయి. "ఆ అమ్మాయి చెప్పింది చేయండి మరి! మళ్లీ నా కాళ్లు కాలాలా ఏవిటి?"

నాగభూషణరావు తెరిచిన తలుపు దగ్గర వంగాడు. పొట్ట అడ్డమొచ్చి మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. తెల్లపంచె దుమ్ములో పడింది. సిల్వియా ఉలి అందించింది. ఆయన మ్యాటు ఎత్తి లప్పం మీద మెల్లగా గోకాడు.

"గట్టిగా పొడవండి. గట్టిగా కూరారు కదా."

నాలుగు పోట్లకు లప్పం పాత జల్లెడ రేకుతో సహా పెళ్లగా ఊడి కాటా రేకు మీద పడింది. పసుపుతో పచ్చగా ఉంది. మధ్యలో చుట్టిన రాగి రేకు. ఆయన ఉలి కింద పెట్టేశాడు.

వెంకట్రాజు వంగి ఆ రేకు తీసి, ఊది, ఎండకు పట్టి చూశాడు. అతని కనుబొమలు పైకి లేచాయి.

"ఏవండీ నాగభూషణరావు గారూ! సీమోను ఆదివారం ఆదివారం చర్చికెళ్లే మనిషి గదా. ఎప్పట్నుంచండీ యంత్రాలు రాయడం మొదలెట్టాడు?"

ఒకడు నవ్వాడు. తర్వాత పదిమంది. ఆ నవ్వు బస్తాల మీది హమాలీల దాకా పాకింది. సిల్వియా నవ్వలేదు. నాగభూషణరావు మెడ ఎర్రబడటం చూస్తూ నిలబడింది. అది ఎంతసేపు ఎర్రబడితే అంతసేపు చూడాలని ఉంది.

రత్నాంబ బండి దిగి మడమల మీద నడిచి వచ్చింది. "ఇదెవరు పెట్టారండీ?"

"మన మంచికేనే... సిద్ధాంతి గారు..."

"ఎప్పుడు?"

"గృహప్రవేశం మర్నాడు."

"అంటే కోటకెళ్లే ముందే. గ్యాసు పోయే దారి మీరు మూసేశారు."

"నాకేం తెలుసు, అది గ్యాసు కోసమని?"

సిల్వియా ఎనిమిదో పేజీ తెరిచి బొమ్మ కింద వాళ్ల నాన్న వంకర అక్షరాలు పైకి చదివింది. "చిల్లు మూయవద్దని ఓనరుగారికి చెప్పాను. సరే అన్నారు."

రత్నాంబ మొగుడి వైపు కాదు, తన కాళ్ల వైపు చూసుకుంది.

"ఐదేళ్లు దాచారండీ," అంది. "దీపం పెట్టినప్పుడల్లా ఆ మనిషి నాశనమైపోవాలని మొక్కాను. పోయాడని తెలిసిన రోజు పాయసం వండాను. మీరు రెండోసారి వేయించుకుని తిన్నారు."

ఆ పాయసం సంగతి సిల్వియాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు తమ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మెల్లగా పెడదామనుకున్న షరతు ఇక మెల్లగా రాలేదు.

"ఆ రోజు మీరు మా నాన్నని ఒక మాటన్నారు. ఇక్కడే, ఈ పాట వేళకే. దాన్ని ఇక్కడే వెనక్కి తీసుకోండి."

నాగభూషణరావు లేవబోయాడు.

"కూర్చునే చెప్పండి."

ఆయన నేలకేసి గొణిగాడు.

బస్తాల గుట్ట మీద నుంచి మత్తయి అరిచాడు. "వినపడలేదండీ! అయినా యార్డులో మాట మూడుసార్లయితేనే ఖాయం, తమరికి తెలీనిదా?"

"చిల్లు సీమోను పెట్టాడు. మూసింది నేను."

"సీమోను గారు," అంది సిల్వియా. "పెట్టారు."

"చిల్లు సీమోను గారు పెట్టారు. మూసింది నేను."

"ఒకటోసారి!" అన్నాడు మత్తయి.

"చిల్లు సీమోను గారు పెట్టారు. మూసింది నేను."

"రెండోసారి!"

మూడోసారీ ఆయన అదే మాట చెప్పాడు. మత్తయి "మూడోసారి" అని కేక పెట్టలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఆ మాట మామూలు గొంతుతో అన్నాడు.

వెంకట్రాజు ఆమె పక్కకొచ్చాడు. "అమ్మా, అప్పట్లో మేం తెలియక..."

"మా నాన్న కట్టిన మీ లారీలు ఎలా ఉన్నాయండి?"

"ఐదూ ఆడుతున్నాయమ్మా ఇంకా. ఒక్క పలక కదల్లేదు."

"అవి ఆడుతుండగానే మీరు ఆయన్ని నమ్మడం మానేశారు. చిల్లు చూశారా అని మీరొక్కరు అడిగి ఉంటే చాలు."

వెంకట్రాజు టీ గ్లాసు కింద పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

చిల్లు శుభ్రం చేసి, కొత్త జల్లెడ రేకు కొట్టి, గాలి ఆడుతోందని చూసుకున్నాకే సిల్వియా డ్రాయింగు మీద సంతకం పెట్టింది. మాట అంటే మాటే. ఆ డ్రాయింగు మీద అడుగున ఒక వరస రాసింది: బాడీ కట్టినవారు, గుండుగొలను సీమోను. దాని కింద నాగభూషణరావు చేత సంతకం పెట్టించింది. రత్నాంబ మాత్రం ఆ బండి ఎక్కలేదు. మొక్కు మార్చుకుని, తన చెల్లెలితో రైల్లో కాశీ వెళ్లింది. నెల రోజులు మొగుడితో మాట్లాడలేదని బుచ్చిబాబు చెప్పాడు. ఆ కబురు సిల్వియా రెండుసార్లు చెప్పించుకుని వింది.

ఇంట్లో రాజకుమారి అంతా విని చాలాసేపు కళ్లు తుడుచుకుంది. "మనసు చల్లబడిందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"ఇంకేం కావాలే నీకు?"

"ఇంకో మూడుసార్లు అనిపించాల్సింది."

ఆ పట్టీ ఇప్పుడు చాలామంది దగ్గర ఉంది. సువార్త బృందాల వ్యాన్లవాళ్లు, చేపల కొనుగోలుకు నెలల తరబడి బండిలోనే పడుకునేవాళ్లు, ఓడల్లో దిగిన పాత బండ్లు కొని పొయ్యిలు బిగించుకున్నవాళ్లు వచ్చి జిరాక్సు తీసుకెళ్తుంటారు. మీకూ అలాంటి బండి ఉంటే రాసుకోండి, అందులో తప్పు లేదు. ఏలూరు నుంచి గూడెం వెళ్లేటప్పుడు గుండుగొలను దాటతారు. రోడ్డు వెడల్పు చేశాక ఆ షెడ్డు ఉన్న చోటు కూడా మిగల్లేదు, ఆగి చూడటానికి ఏమీ లేదు. అక్కడ ఒక మేస్త్రీ తన పని తాను సరిగ్గా చేశాడు, చేయలేదేమోనన్న అనుమానంతో చనిపోయాడు. ఆయన పేరు సీమోను. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.